కలిసి ఆడారు సరే, కోచ్ ఎవరు?

1970 జనవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, కొలంబియా అనే చిన్న పట్నంలో రెండు హైస్కూళ్లు ఒకటయ్యాయి. ఒకటయ్యాయి అంటే చెరో సగం కలిశాయని అనిపిస్తుంది. జరిగింది వేరు. తెల్లపిల్లలు చదివే కొలంబియా హైస్కూలు అదే పేరుతో కొనసాగింది. నల్లపిల్లల జాన్ జె. జెఫర్సన్ హైస్కూలు మాత్రం హైస్కూలుగా కనుమరుగైంది. దాని విద్యార్థులు వచ్చి కొలంబియా తరగతి గదుల్లో కూర్చున్నారు. జెఫర్సన్ ఫుట్‌బాల్ జట్టును నడిపిన హెడ్ కోచ్ చార్లెస్ బోస్టన్ కొత్త బడిలో అసిస్టెంట్ కోచ్ అయ్యారు.

అలా వచ్చిన పిల్లల్లో ఒకడు వాల్టర్ పేటన్. తర్వాత షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు తరఫున 13 సీజన్లు ఆడి, బంతి పట్టుకుని 16,726 గజాలు పరిగెత్తాడు. 2002 దాకా ఆ రికార్డును ఎవరూ దాటలేకపోయారు. అతని వల్లే కొలంబియా ఊరి కథ అమెరికాలో చాలామందికి తెలుసు. వాళ్లకు తెలిసిన కథ ఇలా ఉంటుంది: బడులు కలిపితే ఏం గొడవలవుతాయోనని ఊరంతా టెన్షన్ పడింది. ఇంతలో ఫుట్‌బాల్ సీజన్ వచ్చింది. నల్ల కుర్రాడు బంతి పట్టుకుని పరిగెత్తాడు, జట్టు గెలిచింది, స్టాండ్స్‌లో అందరూ కలిసి చప్పట్లు కొట్టారు, ఊరి మనసు మారింది.

అమెరికా దక్షిణాదిలో ఇలాంటి కథ చెప్పుకునే ఊళ్లు చాలా ఉన్నాయి. అందులో నిజం లేకపోలేదు. పేటన్ ఆట వల్ల ఊళ్లో ఉద్రిక్తత తగ్గిందని అక్కడివాళ్లే చెబుతారు. అయితే ఈ కథలో రెండు ముఖ్యమైన సంగతులు జారిపోతాయి. మొదటిది, ఆ బడులను కలిపింది కోర్టు ఉత్తర్వు. ఆట వచ్చింది ఆ తర్వాత. రెండోది, కలిసినందుకు మూల్యం చెల్లించింది ఎక్కువగా ఒక్క పక్షమే, అదీ అప్పటిదాకా అన్నీ పోగొట్టుకుంటూ వచ్చిన పక్షమే. ఈ రెండూ పక్కన పెడితే కథ బాగుంటుంది, కానీ ఆ ఊరు మనకు అర్థం కాదు.

అక్కడ హైస్కూలు ఫుట్‌బాల్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఇది సాకర్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ, వంద గజాల మైదానంలో అవతలి గీత దాటించే ఆట. కొన్ని వేల జనాభా ఉన్న పట్నానికి సొంత ప్రొఫెషనల్ జట్టు ఉండదు. ఊరికి ఉన్నదల్లా హైస్కూలు జట్టే. ఆ సీజన్లో శుక్రవారం సాయంత్రమైతే చాలు, మన దగ్గర తిరునాళ్లకు ఊరు ఊరంతా కదిలినట్టు జనం స్టేడియానికి కదులుతారు. బ్యాండు, చీర్‌లీడర్లు, పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారం, ఆ వారంలో ఎన్నుకునే హోమ్‌కమింగ్ క్వీన్, అన్నీ ఆటతో పాటే. టెక్సాస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్తేం కాదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పిల్లాడు స్కూలు బ్యాండులో చేరితే శుక్రవారం రాత్రులు స్టాండ్స్‌లోనే గడుస్తాయి.

కాబట్టి ఇలాంటి ఊళ్లో బడులు కలపడమంటే తరగతి గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న ఒక్కటే కాదు. ఊరి పేరున్న జెర్సీ ఎవరు వేసుకుంటారు? కిరీటం ఏ అమ్మాయి తలమీద పెడతారు? బ్యాండు ఏ పాట వాయిస్తే ఊరంతా లేచి నిలబడుతుంది? ఇవన్నీ ఒకేసారి మీదపడ్డాయి.

ఇప్పుడు కోర్టు సంగతికి వద్దాం. జాతిని బట్టి బడులు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పింది 1954 మే 17న. కొలంబియాలో బడులు కలిసింది 1970లో. మధ్యలో దాదాపు పదహారేళ్లు. 1954లో ఒకటో తరగతిలో చేరిన నల్లపిల్ల, వేరు బడిలోనే చదువంతా పూర్తిచేసుకుని, పెళ్లి కూడా చేసుకునేంత కాలం అది.

ఆలస్యానికి దారి ఒక విధంగా కోర్టే చూపించింది. 1955లో ఇచ్చిన రెండో తీర్పులో గడువు పెట్టలేదు. ఆచితూచి, వీలైనంత వేగంగా చేయమంది. దక్షిణాది రాష్ట్రాలు ఆచితూచి అన్న మాటను పట్టుకుని వేగాన్ని వదిలేశాయి. మిసిసిపీ ఇంకా ముందుకు వెళ్లింది. బ్రౌన్ తీర్పు వచ్చిన రెండు నెలలకే ఇండియనోలా అనే ఊళ్లో మొదటి సిటిజన్స్ కౌన్సిల్ పుట్టింది. పట్నంలోని వ్యాపారులు, బ్యాంకు మనుషులు, వకీళ్లు ఉండే సంఘం అది. కొట్లాటకు దిగదు. కలిపి చదివించాలని అడిగిన నల్లవాళ్ల ఉద్యోగం ఊడేలా, అప్పు పుట్టకుండా, అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేలా చూస్తుంది. అదే ఏడాది చివర్లో, అవసరమైతే ప్రభుత్వ బడులను పూర్తిగా రద్దు చేసే అధికారం చట్టసభకు ఇస్తూ ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించారు. 1956లో పిల్లలను బడికి పంపి తీరాలన్న చట్టాన్నే ఎత్తేశారు. తెల్లపిల్లలు నల్లపిల్లల పక్కన కూర్చునే పరిస్థితి వస్తే, అసలు ఎవరూ బడికి పోకపోయినా ఫరవాలేదన్నమాట. నిర్బంధ హాజరు మళ్లీ గట్టిగా చట్టంలోకి రావడానికి 1982 దాకా పట్టింది. ఆ నష్టంలో పేద తెల్లపిల్లలకూ వాటా ఉంది.

1964 పౌరహక్కుల చట్టం వచ్చాక, వివక్ష చూపే బడులకు ఫెడరల్ డబ్బు ఆపేయవచ్చన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అప్పుడు పుట్టిన ఉపాయమే ఎంపిక స్వేచ్ఛ పథకం. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో చూడండి. ఏటా ఇంటికి ఒక ఫారం వస్తుంది. పిల్లవాణ్ణి ఊళ్లో ఏ బడికి పంపాలనుకుంటున్నారో తల్లిదండ్రులు రాసి సంతకం పెట్టాలి. ఎవరి ఇష్టం వాళ్లది.

ఇప్పుడు ఆ ఫారం ఒక నల్లజాతి ఇంట్లో భోజనాల బల్ల మీద ఉందనుకోండి. తండ్రి పనిచేసే మిల్లు యజమాని తెల్లవాడు. ఇంటి అద్దె వసూలు చేసేది తెల్లవాడు. సంతకం పెట్టిన కాగితం చేరేది తెల్లవాళ్ల బడి బోర్డుకి. అందులో ఎవరు ఏం రాశారో సాయంత్రానికల్లా ఊరికి తెలిసిపోతుంది. తెల్లవాళ్ల బడిని ఎంచుకున్న కుటుంబాల ఇళ్ల మీద కాల్పులు జరిగిన సంఘటనలూ ఉన్నాయి. మరోవైపు నల్లవాళ్ల బడిని ఎంచుకున్న తెల్ల కుటుంబాలు దాదాపు లేనే లేవు. ఫలితంగా 1968 నాటికి కూడా మిసిసిపీలో తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న బడుల్లో చదివే నల్లపిల్లలు నూటికి పదిమంది కూడా లేరు. స్వేచ్ఛ పేరుతో బరువంతా నల్లజాతి తల్లిదండ్రుల నెత్తిన పెట్టి, వాళ్లు భయపడితే, చూశారా, వాళ్లకే ఇష్టం లేదు అని చెప్పుకునే వెసులుబాటు ఆ పథకంలో ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా క్రూరంగా అనిపించేది ఇదే.

1968లో వర్జీనియాలోని న్యూ కెంట్ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు ఈ ఉపాయాన్ని పట్టుకుంది. పథకం కాగితం మీద ఎలా ఉందన్నది కాదు, వేరు బడులు నిజంగా పోయాయా లేదా అన్నదే చూస్తామంది. మరుసటి ఏడాది మిసిసిపీలో ముప్పై వరకు బడి జిల్లాలు 1969 సెప్టెంబరుకల్లా బడులు కలపాలని అప్పీళ్ల కోర్టు చెప్పింది. చివరి నిమిషంలో నిక్సన్ ప్రభుత్వం రాష్ట్రం వైపు నిలబడి ఇంకా గడువు అడిగింది, ఆ కోర్టు ఇచ్చింది కూడా. హోమ్స్ కౌంటీకి చెందిన నల్లజాతి తల్లిదండ్రులు, నల్లజాతి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఎన్ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ వకీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్టోబరు 29న తీర్పు వచ్చింది. చాలా చిన్న తీర్పు, ఏకగ్రీవం. ఆచితూచి చేసే కాలం అయిపోయింది, ఇప్పుడే కలపండి అని దాని సారం.

ఇప్పుడే అంటే విద్యాసంవత్సరం మధ్యలో. క్రిస్మస్ సెలవులకు ఒక బడి నుంచి ఇంటికెళ్లిన పిల్లలు సెలవులయ్యాక ఇంకో బడిలో అడుగుపెట్టారు. ఇక్కడ ఫుట్‌బాల్ చూసేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. జనవరి అంటే సీజన్ ముగిసిపోయిన కాలం. 1969 సీజన్‌ను రెండు బడులూ విడివిడిగా ఆడేశాయి. కలిసి ఆడే మొదటి మ్యాచ్ మళ్లీ వేసవి సెలవులు దాటాకే. అంటే ఆట వచ్చి సాయం చేసే లోపు పిల్లలు నెలల తరబడి కారిడార్లలో, క్యాంటీన్లో, బస్సుల్లో ఆ భయాన్ని సొంతంగా మోసుకున్నారు. అన్నిటికన్నా కష్టమైన నెలల్లో చప్పట్లు కొట్టడానికి స్టాండ్స్‌లో ఎవరూ లేరు.

జెఫర్సన్ లాంటి బడి పోతే ఏం పోతుంది? పాత పుస్తకాలు, చాలీచాలని భవనం ఉన్న బడి పోయి మంచి బడి వచ్చిందిగా అనిపించవచ్చు. ఆ అసమానత నిజమే. తెల్లబడులు వాడి పక్కన పడేసిన పుస్తకాలు, ఆట సామాను నల్లబడులకు చేరేవి. కానీ అదే బడి నల్లజాతి వాడకు సొంత సంస్థ. దాని ప్రిన్సిపాల్ ఊళ్లో అందరికన్నా ఎక్కువ చదువుకున్న నల్లజాతి మనుషుల్లో ఒకరు. టీచర్లు పిల్లల తల్లిదండ్రుల పక్కనే చర్చిలో కూర్చునేవాళ్లు. కోచ్‌కి కుర్రాడి ఇంట్లో ఎన్ని పూటలు పొయ్యి వెలుగుతుందో తెలుసు.

ఫుట్‌బాల్‌లో కూడా వాళ్లకు ఒక పూర్తి ప్రపంచం ఉండేది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి హైస్కూళ్లకు వేరే సంఘాలు, వేరే లీగులు, వేరే ఛాంపియన్‌షిప్‌లు. టెక్సాస్‌లో 1920లో మొదలైన ప్రెయిరీ వ్యూ లీగ్ యాభై ఏళ్లు నడిచి 1970లో మూతపడింది. శుక్రవారం రాత్రి స్టేడియం తెల్లబడులది కాబట్టి ఆ జట్లు బుధ, గురువారాల్లో ఆడేవి. తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న బబ్బా స్మిత్, జో గ్రీన్, కెన్ హ్యూస్టన్ ఆ బుధవారాల్లోంచి వచ్చినవాళ్లే. పేపర్లలో స్కోరు సరిగా అచ్చయ్యేది కాదు గానీ, ఆట నాణ్యతలో తక్కువేం లేదు. తరువాత ఆ ఊళ్లలో నల్ల ఆటగాళ్లు హఠాత్తుగా వెలుగులోకి వచ్చారని రాసినవాళ్లు, వాళ్లకు ఆట నేర్పిన కోచ్‌లను చూడలేదు.

కొలంబియాలో అలాంటి కోచ్ చార్లెస్ బోస్టన్. వాల్టర్ అన్న ఎడ్డీ జెఫర్సన్ జట్టులో ఆడేవాడు. వాల్టర్ మాత్రం బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు, లాంగ్‌జంప్ చేసేవాడు. అన్నతో పోటీ ఎందుకని ఫుట్‌బాల్ జోలికి వెళ్లలేదు. ఎడ్డీ బడి ముగించి వెళ్లాక కోచ్ తమ్ముణ్ణి పిలిచారు. బ్యాండు మానను, అలా అయితేనే వస్తాను అన్నాడు వాల్టర్. ఒప్పుకున్నారు. పేటన్ ఆటకు మొదలు ఇక్కడ, నల్లబడి మైదానంలో, నల్లజాతి కోచ్ చేతుల్లో పడింది.

విలీనం తర్వాత హెడ్ కోచ్‌గా టామీ డేవిస్ ఉన్నారు, బోస్టన్ ఆయన కింద అసిస్టెంట్. వసంతకాలపు ప్రాక్టీసు మొదలైంది. పేటన్, మరికొందరు జెఫర్సన్ ఆటగాళ్లు కొన్ని రోజుల పాటు ప్రాక్టీసుకు వెళ్లలేదు. మా కోచ్‌ను ఎందుకు తగ్గించారన్నది వాళ్ల ప్రశ్న. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. రాష్ట్రమంతా వాతావరణం ఎలా ఉందంటే, ఆ మే నెలలోనే జాక్సన్ స్టేట్ కాలేజీలో పోలీసులు ఆడపిల్లల హాస్టల్ మీద కాల్పులు జరిపి ఇద్దరు కుర్రాళ్లను చంపేశారు. అలాంటి ఏడాదిలో ప్రాక్టీసు ఎగ్గొట్టడం పిల్లచేష్ట కాదు. అందరికీ తెలిసిన కథలో ఈ బహిష్కరణ ఒక్క వాక్యంలో ముగిసి, వెంటనే పరుగులు, టచ్‌డౌన్‌లు మొదలవుతాయి. నా దృష్టిలో కొలంబియా కథకు అసలు గుండె ఆ ఆగిన ప్రాక్టీసే. పిల్లలు అన్యాయం ఎక్కడుందో సరిగ్గా వేలుపెట్టి చూపించారు: మమ్మల్ని తీసుకున్నారు, మావాడికి పెద్దరికం మాత్రం ఇవ్వలేదు.

పిల్లలు తిరిగి వచ్చారు. బోస్టన్ హెడ్ కోచ్ కాలేదు. ఆ సీజన్లో కొలంబియా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి రెండు ఓడింది. ఎవరూ అంత ఊహించలేదు. పేటన్ ప్రతి మ్యాచ్‌లో పాయింట్లు సాధించాడు, రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు. గోల్ గీత దగ్గరపడిందంటే చాలు, ఆలోచించకుండా బంతి పేటన్‌కే ఇచ్చేవాణ్ణని డేవిస్ తర్వాత చెప్పారు.

మరి మిగతా విషయాల్లో అంత పంతం పట్టిన ఊళ్లు మైదానంలో అంత తొందరగా ఎలా కలిశాయి? ఆటలో కొలత గజాల్లో ఉంటుంది, దాంతో వాదించలేరు, అది ఒక కారణం. కోచ్ ఉద్యోగం గెలుపోటముల మీద నిలుస్తుంది కాబట్టి మంచి ఆటగాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టలేడు, అది మరొకటి. అయితే నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది స్థానాల లెక్క. జట్టులో పదకొండు చోట్లు, పక్కన ఇంకా ఎంతోమంది. ఒక నల్ల ఆటగాణ్ణి తీసుకుంటే ఏ ఒక్క తెల్ల కుటుంబమూ అధికారం కోల్పోదు. హెడ్ కోచ్ కుర్చీ ఒకటే. ప్రిన్సిపాల్ కుర్చీ ఒకటే. హోమ్‌కమింగ్ కిరీటం ఒకటే. బడి పేరు, జట్టు గుర్తు, బ్యాండు వాయించే పాట, అన్నీ ఒకటే. ఎక్కువ ఉన్నచోట పంచుకున్నారు. ఒక్కటే ఉన్నచోట దాదాపు ఎప్పుడూ అది తెల్లవాళ్ల దగ్గరే ఉండిపోయింది. జట్టులో కూడా అంతే. ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే ఉంటాడు, చాలా చోట్ల ఆ స్థానం నల్ల కుర్రాళ్లకు చేరడానికి ఇంకా ఏళ్లు పట్టింది. నల్లబడిలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాణ్ణి తెచ్చి పరిగెత్తే స్థానంలోనో, బంతి అందుకునే స్థానంలోనో పెట్టడం మామూలు సంగతి.

పాట గురించీ, జెండా గురించీ గొడవలు ఇందుకే వచ్చాయి. బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సైన్యపు పాటను బ్యాండు వాయిస్తుంటే, ఆ సైన్యపు జెండా స్టాండ్స్‌లో ఊగుతుంటే, నల్ల ఆటగాడు ఆ జట్టు జెర్సీ వేసుకుని మైదానంలోకి పరిగెత్తాలి. ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఎస్కాంబియా హైస్కూలు జట్టు పేరే రెబెల్స్, అంటే తిరుగుబాటుదారులు, ఆ సైనికులకున్న పేరే. ఆ పేరు, ఆ జెండా మీద 1970లలో ఏళ్ల తరబడి గొడవలు జరిగి, 1976లో అల్లర్లే అయ్యాయి.

ఇంకో ఉదాహరణ చార్లెస్టన్. ఇదీ మిసిసిపీలోనే, చాలా చిన్న ఊరు. అక్కడి హైస్కూలు 1970లో కలిసింది. అప్పటి నుంచి నల్ల, తెల్ల పిల్లలు ఒకే జట్టులో ఆడారు, ఒకే తరగతిలో చదివారు. ఏడాది చివర జరిగే ప్రామ్ డ్యాన్స్ మాత్రం 2008 దాకా తెల్లపిల్లలకు వేరు, నల్లపిల్లలకు వేరు. బడి నిర్వహించేది కాదు కాబట్టి, తల్లిదండ్రులు సొంతంగా చేసుకునేవాళ్లు కాబట్టి కోర్టు ఉత్తర్వు దాన్ని అందుకోలేదు. ఆ ప్రాంతంలోనే పెరిగిన నటుడు మోర్గన్ ఫ్రీమన్ కలిపి చేస్తే ఖర్చంతా నేనే పెట్టుకుంటానని 1997లో అంటే ఎవరూ ముందుకు రాలేదు. 2008లో మళ్లీ అడిగితే ఒప్పుకున్నారు. శుక్రవారం రాత్రి ఒకరి కోసం ఒకరు దెబ్బలు తిన్న కుర్రాళ్లు ఒకే హాలులో డ్యాన్స్ చేయడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. జట్టు కలిస్తే ఊరు కలిసినట్టే అని ఎవరైనా అంటే చార్లెస్టన్ గుర్తొస్తుంది.

అసలు కలవకుండా వెళ్లిపోయినవాళ్ల సంగతి వేరే ఉంది. 1963–64లో మిసిసిపీలో క్యాథలిక్ బడులు కాని ప్రైవేటు బడులు 17, వాటిలో విద్యార్థులు 2,362 మంది. 1970 సెప్టెంబరుకు ఆ బడులు 155, విద్యార్థులు సుమారు 42,000 మంది, దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఇవి సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదైన లెక్కలు. అకాడమీలని పిలిచే ఈ బడులు కొన్ని చర్చి గదుల్లో, కొన్ని హడావుడిగా లేపిన షెడ్లలో మొదలయ్యాయి. లైబ్రరీ లేకపోయినా ఫుట్‌బాల్ జట్టు ఉండాల్సిందే. వాటికి వాటికే ఒక సంఘం, వాటికే ఒక లీగ్. పిల్లలు చాలని చోట పదకొండు మందికి బదులు ఎనిమిది మందితో ఆడే ఆట పెట్టుకున్నారు.

ఈ బడులకు ప్రభుత్వ సాయం ఎంత దాకా అందిందో విడదీయడానికి మరికొన్ని కేసులు పట్టాయి. మిసిసిపీలో రాష్ట్రం కొన్న పాఠ్యపుస్తకాలు ఈ పిల్లలకు ఉచితంగా వెళ్లేవి. 1973లో సుప్రీంకోర్టు ఆపింది. పన్ను మినహాయింపు అంతకు ముందే పోయింది. 1974లో అలబామాలోని మాంట్‌గమరీ నగరం కేసులో ప్రశ్న నేరుగా మైదానం మీదే: నగరానికి చెందిన స్టేడియాన్ని నల్లవాళ్లను చేర్చుకోని ప్రైవేటు బడులకు ప్రత్యేకంగా ఇవ్వవచ్చా? కుదరదంది కోర్టు. స్టేడియం దొరక్కపోతే జట్టు ఉండదు, జట్టు లేకపోతే అకాడమీకి పిల్లల్ని రప్పించడం కష్టం. బడుల ఏకీకరణకు ఫుట్‌బాల్ ఎంత సాయం చేసిందో, దాన్నుంచి తప్పించుకునేవాళ్లకూ అంతే ఆకర్షణ అయింది.

ఎక్కడ ఉండిపోయారు, ఎక్కడ వెళ్లిపోయారు అన్నది చాలావరకు జనాభా నిష్పత్తిని బట్టి తేలింది. నల్లవాళ్లు అధిక సంఖ్యలో ఉన్న డెల్టా ప్రాంతంలో, హోమ్స్ కౌంటీలో తెల్లపిల్లలు ఒకటి రెండేళ్లలో ప్రభుత్వ బడులను దాదాపు ఖాళీ చేసి అకాడమీలకు పోయారు. తీర్పు తెచ్చిన తల్లిదండ్రుల పిల్లలకే కలిసి చదివే అవకాశం దక్కలేదు. కొలంబియా ఉన్న దక్షిణ మిసిసిపీలో తెల్లవాళ్లే ఎక్కువ. బడి కలిసినా తమ చేతుల్లోనే ఉంటుందన్న ధీమా ఉన్నచోట వాళ్లు ఉండిపోయారు. కలిసి ఆడి గెలిచిన జట్ల కథలన్నీ ఇలాంటి ఊళ్ల నుంచే వస్తాయి, ఎందుకంటే మిగతా ఊళ్లలో కలిసిన జట్టే లేదు.

నల్లజాతి ఉపాధ్యాయులకు జరిగింది ఇంకా తక్కువమందికి తెలుసు. 1954 నుంచి 1965 మధ్యనే దక్షిణాది రాష్ట్రాల్లో, వాటిని ఆనుకుని ఉన్న రాష్ట్రాల్లో 38,000 మందికి పైగా నల్లజాతి టీచర్లు, బడి అధికారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని అంచనా. 1970 తర్వాత పోయినవాళ్లు అదనం. ప్రిన్సిపాళ్లను అటెండెన్స్ చూసుకునే ఉద్యోగాలకో, పాఠ్యపుస్తకాలు పంచే పనికో మార్చారు. మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు తమకన్నా తక్కువ చదివిన తెల్ల అధికారుల కింద చేరారు. ట్రోఫీలు, పాత ఫొటోలు చాలా చోట్ల స్టోర్‌రూముల్లో పడి పోయాయి. బోస్టన్‌కు కనీసం మైదానంలో చోటు మిగిలింది. బడి కలిసిన రోజున నల్లపిల్లలు కొత్త పుస్తకాలు అందుకున్నారు, అదే రోజు తమలాంటి మనిషి అధికారంలో ఉండటాన్ని చూసే అవకాశం పోగొట్టుకున్నారు. ఏకీకరణ తప్పని దీని అర్థం కాదు. వేరు బడులు అన్యాయం, అవి పోవాల్సిందే. పోయే పద్ధతిని తెల్లవాళ్ల బడి బోర్డులకు వదిలేయడమే తప్పయింది.

పేటన్ సంగతి తేల్చి ముందుకు వెళదాం. హైస్కూల్లో అంత ఆడిన కుర్రాడికి దక్షిణాది పెద్ద యూనివర్సిటీల ఎస్ఈసీ నుంచి పిలుపు రాలేదు. ఆ లీగులో నల్ల ఫుట్‌బాల్ ఆటగాడు మొదటిసారి మైదానంలోకి దిగింది 1967లో, కెంటకీ తరఫున ఆడిన నేట్ నార్తింగ్టన్. అదీ మిసిసిపీ యూనివర్సిటీ మీదే. ఆ యూనివర్సిటీ సొంత జట్టులోకి నల్ల ఆటగాళ్లను తీసుకున్నది 1970లు వచ్చాకే. పేటన్ తన అన్న ఎడ్డీ ఉన్న జాక్సన్ స్టేట్‌కి, అంటే కిందటేడు కాల్పులు జరిగిన నల్లజాతి కాలేజీకే వెళ్లాడు. 1975లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద నాలుగోవాడిగా ఎంపికయ్యాడు. హైస్కూలు కలిసినా మెట్టు పైన తలుపు ఇంకా సగమే తెరిచి ఉందన్నమాట.

ఇదంతా యాభై ఏళ్ల కిందటి ముచ్చట అనుకునేవాళ్లు మిసిసిపీలోనే ఉన్న క్లీవ్‌లాండ్ పట్నం గురించి తెలుసుకోవాలి. రైలు పట్టాలకు తూర్పున నల్లవాళ్లు, పడమర తెల్లవాళ్లు. తూర్పున ఈస్ట్ సైడ్ హైస్కూలు, జట్టు పేరు ట్రోజన్స్. పడమర క్లీవ్‌లాండ్ హైస్కూలు, జట్టు పేరు వైల్డ్‌క్యాట్స్. రెండిటి మధ్య దూరం రెండు మైళ్లు కూడా లేదు. బడులు కలపమని తల్లిదండ్రులు కేసు వేసింది 1965లో. దశాబ్దాల తర్వాత కూడా క్లీవ్‌లాండ్ హైస్కూల్లో సగం సగం ఉన్నా, ఈస్ట్ సైడ్‌లో దాదాపు అందరూ నల్లపిల్లలే. మళ్లీ అదే ఎంపిక స్వేచ్ఛ, ఎవరి ఇష్టం వాళ్లది అన్న వాదన. 2016 మేలో ఫెడరల్ జడ్జి డెబ్రా బ్రౌన్ రెండు బడులను కలిపేయమని ఉత్తర్వు ఇచ్చారు.

విచారణలో రెండు వైపులా తమ బడి పేరు, తమ జట్టు, తమ పాత జ్ఞాపకాలు పోతాయన్న బాధ వినిపించింది. ఆ బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఈసారి ఒక్క వైపు మాత్రమే పోగొట్టుకునేలా చేయలేదు. 2017 ఆగస్టులో తెరిచిన బడికి క్లీవ్‌లాండ్ సెంట్రల్ అని కొత్త పేరు పెట్టారు. ట్రోజన్స్ పోయింది, వైల్డ్‌క్యాట్స్ కూడా పోయింది, జట్టు పేరు వుల్వ్స్ అయింది. 1965లో కేసు వేసినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు తీర్పు వచ్చేసరికి యాభై ఏడేళ్లు. ఆ జెర్సీ మొదటిసారి వేసుకున్నది వాళ్ల మనవల వయసు పిల్లలు.